చున్ ప్రభువు ఇంటి రెండో కొడుకు



చైనా చివరి చక్రవర్తి పుయి కథ మనలో చాలామంది విన్నాం. మూడేళ్ళు నిండకుండానే సింహాసనం ఎక్కినవాడు, ఆరేళ్ళకే దాన్ని పోగొట్టుకున్నవాడు, చివరికి బీజింగ్ నగరంలో ఒక మామూలు పౌరుడిగా కన్నుమూసినవాడు. 1987లో ఆయన కథ సినిమాగా వచ్చి, తొమ్మిది ఆస్కార్ బహుమతులు తెచ్చుకున్నాక ఆ పేరు లోకమంతా మారుమోగింది. ఆ సినిమా తీసినవారు పాత రోజుల ముచ్చట్లు అడిగి తెలుసుకోవడానికి బీజింగ్‌లో ఒక వృద్ధుణ్ణి ఆశ్రయించారు. ఆయన పేరు పుజియె. పుయికి ఏడాది చిన్నవాడు, సొంత తమ్ముడు. ఈనాటి ప్రసంగం ఆయన గురించి, ఆయన కుటుంబం గురించి.

ఎన్నడూ రాజు కాని మనిషి కథ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. చరిత్ర పాఠాల్లో గద్దె ఎక్కినవారి పేర్లు, దిగినవారి పేర్లు ఉంటాయి. ఆ గద్దె నీడ పడిన ఇంట్లో తల్లులూ పిల్లలూ ఏమయ్యారన్నది పాఠంలో రాదు. పుజియె జీవితం చూస్తే అది తెలుస్తుంది. సింహాసనం ఉన్నన్నాళ్ళూ, అది మళ్ళీ వస్తుందన్న ఆశ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఒకరికొకరు దక్కలేదు. ఆశ పూర్తిగా చచ్చాకే మిగిలినవాళ్ళు ఒక చోటికి చేరారు. అప్పటికి ఒక ఆడపిల్ల లేకుండా పోయింది.

మంచూలు చైనాకు ఈశాన్యాన ఉన్న మంచూరియా ప్రాంతంవారు. 1644లో బీజింగ్‌లో ప్రవేశించి, 1912 దాకా ఛింగ్ రాజవంశం పేరుతో చైనాను ఏలారు. వారి వంశనామం ఐసిన్ గియోరో. మంచూ భాషలో ఐసిన్ అంటే బంగారం. ఆ వంశంలో దావోగ్వాంగ్ చక్రవర్తికి ఏడో కొడుకు యీషువాన్. ఆయన బిరుదు చున్ ప్రభువు. ఆయన భార్య, ఆ రోజుల్లో తెరవెనుక నుంచి రాజ్యం నడిపిన సిషీ రాజమాతకు సొంత చెల్లెలు.

1875లో సిషీ కొడుకు, టోంగ్‌జీ చక్రవర్తి, పిల్లలు లేకుండా చనిపోయాడు. రాజమాత వెంటనే చెల్లెలి ఇంటికి మనుషుల్ని పంపి, మూడున్నరేళ్ళ పసివాణ్ణి తెప్పించి గద్దెమీద కూర్చోబెట్టింది. అతడే గ్వాంగ్‌షూ చక్రవర్తి. కొడుకు చక్రవర్తి అయ్యాడన్న మాట విని తండ్రి సంతోషించలేదు సరికదా, నేలకు తల కొట్టుకొని ఏడ్చి స్పృహ తప్పాడని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. కోటలోకి వెళ్ళిన బిడ్డ మళ్ళీ ఇంటికి రాడని ఆయనకు తెలుసు. ఇంకో ఆచారం కూడా ఉండేది. చక్రవర్తి పుట్టిన ఇంట్లో మామూలు మనుషులు కాపురం ఉండకూడదు. అంచేత బిడ్డ పోయాక ఇల్లూ ఖాళీ చేయవలసి వచ్చింది. బీజింగ్‌లో హౌహాయ్ చెరువుకు ఉత్తరపు గట్టున ఆ కుటుంబానికి మరో భవనం ఇచ్చారు.

యీషువాన్ తర్వాత ఆయన మరో భార్య కొడుకు జైఫెంగ్ రెండో చున్ ప్రభువు అయ్యాడు. నెమ్మదస్తుడు, పుస్తకాలంటే ఇష్టం, గొడవలంటే భయం. పద్ధెనిమిదేళ్ళ వయసులో, 1901లో, జర్మనీకి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చే పని ఆయన నెత్తిన పడింది. అంతకు ముందు ఏడాది బాక్సర్ తిరుగుబాటులో జర్మన్ రాయబారి బీజింగ్ వీధిలో హత్యకు గురయ్యాడు, అందుకు. తిరిగి వచ్చాక సిషీ ఆయనకు పెళ్ళి కుదిర్చింది. పెళ్ళికూతురు యోవ్‌లాన్, రాజమాతకు కుడిభుజం లాంటి మంత్రి రోంగ్లూ కూతురు. ఈ దంపతులకు 1906 ఫిబ్రవరిలో పుయి పుట్టాడు. 1907 ఏప్రిల్ 16న పుజియె పుట్టాడు.

1908 నవంబరులో ఆ ఇంటికి మళ్ళీ మనుషులు వచ్చారు. గ్వాంగ్‌షూ చక్రవర్తి అవసాన దశలో ఉన్నాడు. ఆయనకూ పిల్లల్లేరు. సిషీ కూడా మంచం పట్టి ఉంది. ఈసారి ఆమె పుయిని కోరుకుంది. ఒకసారి ఇలాగే పిల్లవాణ్ణి పోగొట్టుకున్న ఆ ఇంట్లో ముసలావిడ, పుయి నాయనమ్మ, ఆ మాట వింటూనే మూర్ఛపోయింది. పుయి ఏడ్చి గోల చేస్తుంటే, చివరికి పాలదాది చంకనెత్తుకుంటే గాని ఊరుకోలేదు. మరునాడు గ్వాంగ్‌షూ, ఆ మరునాడు సిషీ చనిపోయారు. డిసెంబరు 2న పట్టాభిషేకం జరిగింది. చలిలో, అంతమంది సాష్టాంగపడుతుంటే పసివాడు హడలిపోయి ఏడుస్తున్నాడు. పక్కనే ఉన్న తండ్రి, ఇంకాసేపట్లో అంతా అయిపోతుందని బుజ్జగించాడు. అది అపశకునమని దర్బారువారు గుసగుసలాడుకున్నారు. మూడేళ్ళు దాటాయో లేదో, నిజంగానే అంతా అయిపోయింది.

రాజప్రతినిధిగా ఆ మూడేళ్ళూ రాజ్యం నడిపినవాడు జైఫెంగ్. 1911లో విప్లవం చెలరేగింది. డిసెంబరులో ఆయన పదవి వదులుకొని ఇంటికి వచ్చాడు. ఇక హాయిగా పిల్లల్ని ఎత్తుకొని ఇంట్లో ఉండవచ్చునని భార్యతో అన్నాడట. ఆమె మాత్రం ఆ మాటకు కోపం పట్టలేక ఏడ్చింది. పెద్దయ్యాక మీ నాన్నలా తయారు కావద్దని పుజియెకు బుద్ధి చెప్పింది. ఒకే ఇంట్లో ఒకరికి గద్దె పోవడం విముక్తి, ఒకరికి అవమానం. రెండో కొడుకు పెరిగింది ఈ రెండు మాటల మధ్య.

1912 ఫిబ్రవరి 12న సామ్రాజ్యం ముగిసింది. అయినా కొత్త ప్రభుత్వంతో జరిగిన ఒప్పందం ప్రకారం పుయి తన బిరుదుతో సహా కోట లోపలే ఉండిపోయాడు. బయట ప్రజారాజ్యం, లోపల చక్రవర్తి. పుయికి పదేళ్ళ వయసు వచ్చాక గాని కన్నతల్లిని, నాయనమ్మను లోపలికి రానివ్వలేదు. ఆ రోజు పుజియె కూడా వెళ్ళాడు. అన్నదమ్ములు తొలిసారి కలిసి దాగుడుమూతలు ఆడుకున్నారు. ఆటలో తమ్ముడి చొక్కా చేతి లోపలి అంచు పసుపుపచ్చగా కనిపించింది పుయికి. వెంటనే మొహం మారిపోయింది. ఆ రంగు వాడే హక్కు చక్రవర్తి ఒక్కడిది. ఎవరిమ్మన్నారని గద్దించాడు. తమ్ముడు చేతులు కట్టుకొని నిలబడి, సేవకుడిలా జవాబు చెప్పాడు. ఈ సంగతి తర్వాతి కాలంలో పుయి స్వయంగా తన ఆత్మకథలో సిగ్గుపడుతూ రాసుకున్నాడు. గద్దె పోయి అప్పటికే నాలుగేళ్ళు దాటింది. దాని రంగు మాత్రం పిల్లల ఆటలో కూడా మిగిలి ఉంది.

తల్లి ఆ గద్దెను మళ్ళీ నిలబెట్టాలని ఆశపడింది. ఆ ఆశ ఆమె ప్రాణం తీసింది. 1921లో, వైద్యుణ్ణి తొలగించిన ఒక చిన్న విషయం మీద పుయి కోటలోని పెద్ద రాణిని ఎదిరించాడు. ఆ రాణి పుయిని ఏమీ అనలేక ఆయన తల్లిని పిలిపించి నానా మాటలు అన్నది. పుట్టిన నాటి నుంచి ఎవరితోనూ మాట పడని యోవ్‌లాన్ ఇంటికి వెళ్ళి నల్లమందు మింగింది. అప్పుడు పుజియెకు పద్నాలుగేళ్ళు.

ఆ తర్వాత పుజియెను కోటలో అన్నకు చదువుతోడుగా నియమించారు. చదువుతో పాటు ఇంకో పని కూడా ఆయనకు పడింది. కోటలో తమ రోజులు దగ్గరపడ్డాయని ఇద్దరికీ అర్థమైంది. అంచేత అన్న కానుకగా ఇచ్చినట్టు, తమ్ముడు పుచ్చుకున్నట్టు నెపం పెట్టుకొని, ప్రతిరోజూ పాఠం అయిపోయాక పుజియె ఒక పెద్ద మూట తీసుకొని ఇంటికి వెళ్ళేవాడు. అందులో వందల ఏళ్ళ నాటి చిత్రపటాలు, లిపికళాఖండాలు, సోంగ్ వంశకాలపు అచ్చు పుస్తకాలు. ఆరు నెలలకు పైగా ఇలా సాగి, వెయ్యికి పైగా చిత్రాల చుట్టలు కోట దాటాయి. అవి తర్వాత మంచూరియా చేరి, 1945లో కాపలా సైనికుల చేతుల్లో చెల్లాచెదురైపోయాయి. జాతి సొత్తును ఇంటి సొత్తు అనుకున్న పొరపాటుకు చైనా చాలా పెద్ద మూల్యమే చెల్లించింది.

1924 నవంబరులో సేనాని ఫెంగ్ యూషియాంగ్ పుయిని కోట నుంచి వెళ్ళగొట్టాడు. ఆయన కొద్ది నెలల్లో తియాన్‌జిన్ నగరంలో జపాన్ వారి రక్షణలోకి వెళ్ళాడు. అదే ఏడాది పుజియెకు ఒక మంచూ కుటుంబపు అమ్మాయితో పెళ్ళయింది గాని ఆ కాపురం నిలవలేదు. 1929లో పుజియె జపాన్ వెళ్ళాడు. అక్కడ చదివి, సైనిక విద్యాలయంలో చేరి, 1935లో పట్టా పుచ్చుకున్నాడు. తల్లి చెప్పిన మాట ఆయన మనసులో ఉంది. పోయిన గద్దెను తేవాలంటే సైన్యం కావాలనుకున్నాడు.

కాని సైన్యం జపాన్‌ది. 1931లో జపాన్ వారి క్వాంటుంగ్ సేన మంచూరియాను ఆక్రమించింది. 1932లో మంచూకువో అనే పేరుతో ఒక రాజ్యాన్ని సృష్టించి, 1934లో పుయిని దానికి చక్రవర్తిగా ప్రకటించింది. ఆయన చేత సంతకాలు పెట్టించేది ఆ సేన, పరిపాలించేదీ ఆ సేనే. ఆ రాజ్యంలో బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. వరి అన్నం జపాన్ వారికి కేటాయించిన తిండి. మామూలు చైనా రైతు వరి అన్నం తిన్నట్టు తేలితే అది శిక్షించదగిన నేరం. వడ్లు పండించినవాడు దొంగచాటుగా ముద్ద మింగాలి. అటువంటి రాజ్యపు రాజరక్షక దళంలో పుజియె అధికారిగా చేరాడు. ఆయన కష్టాల గురించి ముందు ముందు చెప్పబోతున్నాను గనుక, ఈ మాట ఇక్కడ చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు.

పుయికి పిల్లలు లేరు. కాబట్టి తమ్ముడికి జపాన్ రక్తం గల వారసుడు పుడితే మేలని క్వాంటుంగ్ సేన లెక్క వేసింది. కొందరు పెద్దింటి అమ్మాయిల ఫొటోలు తెచ్చి పుజియె ముందు పెట్టారు. ఆయన అందులో ఒకటి ఎంచుకున్నాడు. ఆమె హిరో సాగా, ఒక మార్క్విస్ ప్రభువు కూతురు. జపాన్ చక్రవర్తికి దూరపు బంధువులు. తైలవర్ణ చిత్రాలు వేయడం నేర్చుకుంటున్న 22 ఏళ్ళ అమ్మాయి. 1937 ఏప్రిల్ 3న టోక్యోలో పెళ్ళి జరిగింది. పెళ్ళికి నెల రోజుల ముందే మంచూకువోలో ఒక వారసత్వ చట్టం చేశారు. చక్రవర్తికి కొడుకు లేకపోతే తమ్ముడికి, తమ్ముడు లేకపోతే తమ్ముడి కొడుక్కి గద్దె వస్తుందని అందులో రాసి ఉంది.

ఆ వాక్యం చదివిన నాటి నుంచి పుయికి నిద్ర కరువైంది. తమ్ముడితో మనసు విప్పి మాట్లాడటం మానేశాడు. తమ్ముడి ఇంట్లో భోజనానికి కూర్చుంటే, ముందు తమ్ముడు నోట్లో పెట్టుకున్నాకే తాను తినేవాడు. మరదలు వండి పంపిన వంటకం మీద విషం అనుమానం. 1938 ఫిబ్రవరిలో ఆ దంపతులకు ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది. అప్పుడు గాని పెదనాన్న గుండెలమీద చెయ్యి వేసుకోలేదు. మగపిల్లవాడై ఉంటే తన ప్రాణం మీదికి వచ్చేదని ఆయన భయం. ఆ పాపకు హుయ్‌షెంగ్ అని పేరు పెట్టారు. 1940లో రెండో ఆడపిల్ల పుట్టింది. పేరు హుషెంగ్. రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తాయి గనుక ఇకమీద పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అంటాను.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పెళ్ళి కుదిర్చినవారు సైనికాధికారులు. దాని వెనుక ఉన్నది రాజకీయం. కాని కాపురం చేసినవారు ఆ ఇద్దరే. వారిద్దరికీ ఒకరిమీద ఒకరికి నిజంగా ప్రేమ కలిగింది. సైన్యం లెక్కల్లో ఈ సంగతి లేదు.

1945 ఆగస్టులో సోవియట్ సేనలు మంచూరియాలోకి దూసుకువచ్చాయి. రాజపరివారం కొరియా సరిహద్దు దగ్గర దాలిజిగౌ అనే గనుల ఊరికి పారిపోయింది. అక్కడే పుయి మూడోసారి, చివరిసారి గద్దె దిగాడు. జపాన్‌కు వెళ్ళే చిన్న విమానంలో కొద్దిమందికే చోటు. పుయి తమ్ముణ్ణి, బావమరుదుల్ని, మరికొందరిని వెంట తీసుకున్నాడు. ఆడవాళ్ళను అక్కడే వదిలేశారు. ఆ విమానం ఎక్కినవారు జపాన్ చేరలేదు. ముక్దెన్ విమానాశ్రయంలో సోవియట్ సైనికులకు చిక్కారు. అన్నదమ్ములిద్దరూ ఐదేళ్ళు సైబీరియా వైపు, ఎక్కువ కాలం ఖబరోవ్‌స్క్‌లో, నిర్బంధంలో గడిపారు.

వెనుక మిగిలిన ఆడవాళ్ళ కథ మరీ దయనీయం. హిరో, ఐదేళ్ళ చిన్నమ్మాయి, నల్లమందుకు బానిసై మతి చలించిన మహారాణి వాన్‌రోంగ్ - వీళ్ళను కమ్యూనిస్టు గెరిల్లాలు పట్టుకున్నారు. చలికాలమంతా ఒక ఊరి నుంచి మరో ఊరికి, ఒక జైలు నుంచి మరో జైలుకు తిప్పారు. నల్లమందు దొరక్క మహారాణి కేకలు పెడుతుంటే హిరోయే ఆమెకు సేవ చేసింది. 1946 జూన్‌లో వాన్‌రోంగ్ యెన్‌జీ జైలులో దిక్కులేని చావు చచ్చింది. హిరో చిన్నమ్మాయిని వెంటబెట్టుకొని ఎన్నో అగచాట్ల తర్వాత షాంఘై చేరి, 1947 జనవరిలో జపాన్ గడ్డమీద కాలు పెట్టింది. పెద్దమ్మాయి చదువు కోసం ముందే జపాన్‌లో అమ్మమ్మగారింట ఉండటంతో ఈ అవస్థ తప్పించుకుంది. భర్త బతికి ఉన్నాడో లేడో హిరోకు తెలియదు.

1950లో సోవియట్ ప్రభుత్వం అన్నదమ్ముల్ని చైనాకు అప్పగించింది. ఫుషున్ అనే ఊళ్ళో యుద్ధ నేరస్థుల జైలులో వారిని ఉంచారు. జపాన్‌కూ కొత్త చైనాకూ అప్పట్లో దౌత్య సంబంధాలే లేవు. మామూలు మనుషులకు ఒక ఉత్తరం అటు నుంచి ఇటు రావడం గగనం. అటువంటప్పుడు 1954లో ఒక ఉత్తరం చైనా ప్రధాని చౌ ఎన్ లై బల్లమీదికి చేరింది. రాసింది పదహారేళ్ళ పెద్దమ్మాయి. టోక్యోలో పెరుగుతూ, జపాన్ బడిలో చదువుకుంటూ, తండ్రి భాష కావాలని చైనీస్ నేర్చుకున్న పిల్ల. ఆ ఉత్తరం ఆమె చైనీస్‌లోనే రాసింది. మా నాన్నకు ఉత్తరాలు రాసుకోనివ్వండి అన్నది అందులోని సారాంశం.

ఉపాధ్యాయుడిగా నాకు ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ఆ పిల్ల పెదనాన్న ఛింగ్ చక్రవర్తి. కోట ద్వారాల మీద మంచూ, చైనీస్ రెండు లిపుల్లోనూ పేర్లు చెక్కించిన వంశం అది. మన సరిహద్దు రైల్వేస్టేషన్లలో పేరు బోర్డుల్లాగా. కాని చక్రవర్తికి మంచూ నేర్పడానికి ప్రత్యేకంగా గురువును పెట్టినా, తనకు సరిగా వచ్చింది "లేవండి" అనే ఒక్క మాటేనని పుయి స్వయంగా రాసుకున్నాడు. మోకరిల్లినవారిని లేవమనడానికి అది చాలు గనుక. చేతిలో ఒక సామ్రాజ్యం, పక్కన ఒక గురువు ఉండి కూడా ఆయనకు తాతల భాష ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఏ అధికారమూ లేని ఈ పిల్ల తండ్రితో మాట్లాడాలన్న కోరికతో ఒక భాష మొత్తం నేర్చుకుంది. భాషను బతికించేది ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే, రెండు భాషల మధ్య బతికే మనలాంటివారికి ఈ ఇద్దరి ఉదాహరణ చెబితే చాలుననుకుంటాను.

చౌ ఎన్ లై ఆ ఉత్తరం చదివి, అనుమతి ఇచ్చాడు. ఫుషున్ జైలుకూ టోక్యోకూ మధ్య ఉత్తరాలు నడవడం మొదలైంది. తొమ్మిదేళ్ళుగా భర్త చేతిరాత చూడని హిరో మళ్ళీ చూసింది.

ఈ కథ ఇక్కడ ముగిసి ఉంటే బాగుండేది. 1957 డిసెంబరులో, విశ్వవిద్యాలయంలో చదువుతున్న పెద్దమ్మాయి ఇంటి నుంచి వెళ్ళి తిరిగి రాలేదు. ఆరు రోజులు వెతికాక అమాగి కొండమీద చెట్ల మధ్య ఆమె, ఆమె సహవిద్యార్థి ఒకరు తుపాకి గాయాలతో చనిపోయి కనిపించారు. ఆమెకు పందొమ్మిదేళ్ళు. ప్రేమజంట ఆత్మహత్య అని పత్రికలు పుంఖానుపుంఖంగా రాశాయి. కన్నవారు ఆ మాట ఒప్పుకోలేదు. తండ్రికి ఈ వార్త జైలు గోడల మధ్యే తెలిసింది. ఏ బిడ్డ ఉత్తరం తనకు మళ్ళీ కుటుంబాన్ని ఇచ్చిందో ఆ బిడ్డను ఆయన పెద్దయ్యాక ఒక్కసారి కూడా చూడలేదు.

పుయి 1959 డిసెంబరులో, పుజియె 1960 చివర్లో క్షమాభిక్షతో విడుదలయ్యారు. బీజింగ్‌లో పుజియెకు మొదట ఉద్యానవనంలో తోటపని ఇచ్చారు. తర్వాత చారిత్రక విషయాలు రాసిపెట్టే పని. ఆయన మనసులో ఒక్కటే కోరిక - భార్య రావాలి. అన్న అడ్డుపడ్డాడు. ఆమె జపాన్ సేన పంపిన మనిషి అన్న అనుమానం పుయికి ఇంకా పోలేదు. 1961లో చాంద్రమాన సంవత్సరాదికి ముందు చౌ ఎన్ లై ఆ కుటుంబాన్నంతా పిలిపించి, భోజనం పెట్టి, పుయికి నచ్చజెప్పాడు.

1961 మే నెలలో హిరో, చిన్నమ్మాయి హాంకాంగ్ మీదుగా గ్వాంగ్‌జౌ చేరారు. దాదాపు పదహారేళ్ళ తర్వాత భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయనకు 54 ఏళ్ళు, ఆమెకు 47. హిరో చేతుల్లో పెద్దమ్మాయి అస్థికలు ఉన్నాయి. తండ్రి దగ్గరికి ఆ పిల్ల ఆ విధంగా చేరింది.

జూన్ 10న చౌ ఎన్ లై మళ్ళీ వారికి విందు ఇచ్చాడు. ప్రసిద్ధ రచయిత లావో షె కూడా ఆ రోజు ఉన్నాడు. ఆయనా మంచూయే. అక్కడ ప్రధాని హిరోతో అన్నదాని తాత్పర్యం ఇది - ఉండి చూడండి, నచ్చకపోతే ఎప్పుడైనా వెళ్ళవచ్చు, వెళ్ళి మళ్ళీ రావచ్చు. చిన్నమ్మాయి జపాన్‌కు తిరిగి వెళ్ళి అక్కడి అబ్బాయిని పెళ్ళాడతానంటే దానికీ అభ్యంతరం లేదన్నాడు. హిరో ఉండిపోయింది. చిన్నమ్మాయి వెళ్ళిపోయింది. 1968లో జపాన్‌లో పెళ్ళి చేసుకుంది. ఐదుగురు పిల్లల తల్లి అయింది. ఈ ఇంట్లో తరతరాలుగా పిల్లల్ని ఎక్కడికి పంపాలో, ఎవరికిచ్చి పెళ్ళి చేయాలో పైవాళ్ళే నిర్ణయించారు. నీ ఇష్టం అన్న మాట ఆ ఇంటి ఆడపిల్ల విన్నది అప్పుడే.

1966లో సాంస్కృతిక విప్లవం మొదలైనప్పుడు ఎర్ర రక్షకులు పుజియె ఇంటిమీద కూడా పడ్డారు. చౌ ఎన్ లై అండ ఉండటంతో ప్రాణాలు దక్కాయి. 1967 అక్టోబరులో పుయి మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు. చైనా, జపాన్‌ల మధ్య 1972లో దౌత్య సంబంధాలు ఏర్పడ్డాక పుజియె దంపతులు జపాన్ వెళ్ళి కూతుర్ని చూసి వచ్చారు. ఆయన చైనా జాతీయ ప్రజాప్రతినిధుల సభలో సభ్యుడయ్యాడు. చేతిరాతకు గొప్ప పేరు వచ్చింది. ఆయన కుంచెతో రాసిన అక్షరాలను జనం కోరి రాయించుకొని గోడలకు అలంకరించుకున్నారు. హిరో 1987 జూన్‌లో బీజింగ్‌లో కన్నుమూసింది. ఆ తర్వాత ఏడేళ్ళకు, 1994 ఫిబ్రవరి 28న, పుజియె పోయాడు.

ఈ ఇంటి మిగతా సభ్యుల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. తండ్రి జైఫెంగ్ 1934లో మంచూకువో చూడ్డానికి వెళ్ళి, అక్కడ ఉండలేనని తిరిగి వచ్చేశాడు. 1951లో బీజింగ్‌లోనే చనిపోయాడు. కుటుంబంలో ఆ ఉచ్చులో పడనివాడు, అందరూ చేతకానివాడని అనుకున్న ఆయనే. ఆయన మరో భార్య కొడుకు పురెన్, పుజియెకు పదకొండేళ్ళు చిన్నవాడు, తండ్రి దగ్గరే ఉండిపోయాడు. 1947లో ఆ ప్రభువు భవనంలోనే ఒక ప్రాథమిక పాఠశాల తెరిచి, జీవితమంతా బడిపంతులుగా పనిచేశాడు. బంగారం అనే అర్థం వచ్చే జిన్ అన్న చైనా ఇంటిపేరు పెట్టుకొని, 2015 ఏప్రిల్‌లో నిండు వయసులో వెళ్ళిపోయాడు. ఒకే తండ్రి కొడుకుల్లో ఇద్దరు గద్దె వెంట వెళ్ళి పదిహేనేళ్ళు బందీలుగా బతికారు. మూడోవాడు నల్లబల్ల దగ్గర నిలబడ్డాడు. చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు వెతికినా దొరకడం కష్టం.

పుజియె అస్థికల్లో సగం బీజింగ్ దగ్గర మియావోఫెంగ్ కొండమీద గాలిలో చల్లారు. మిగతా సగం జపాన్‌లో షిమొనొసెకి నగరంలో, నకయామా ఆలయ ప్రాంగణంలోని చిన్న గుడిలో ఉంచారు. అది హిరో పూర్వీకుల పేర వెలసిన ఆలయం. ఆ చిన్న గుడిలో హిరో, పెద్దమ్మాయి అంతకు ముందే చేరి ఉన్నారు. గుడి పేరు ఐసిన్ గియోరో గుడి అని జపాన్ ఉచ్చారణలో పిలుస్తారు. రెండున్నర శతాబ్దాలకు పైగా చైనాను ఏలిన వంశం పేరు సముద్రానికి ఆవలి ఒడ్డున, ఒక తండ్రి, ఒక తల్లి, ఒక కూతురు ఉన్న చోట నిలిచింది. ఆ ముగ్గురూ బతికి ఉండగా ఒకే కప్పు కింద ఉన్నది కొద్ది సంవత్సరాలే.